చివరి గదికి ఇంటర్నెట్

ఆ శనివారం ఉదయం బోర్‌గిల్ వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. పదకొండింటికల్లా చివరి గదిలో కూర్చోవాలి, ఫైనల్ ఆడాలి, గెలవాలి.

ముప్పై ఏళ్లు ఫియోర్డ్‌లో, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, ఫెర్రీ నడిపి రిటైరైన ఆమె, రెండేళ్లుగా ఒక ఆన్‌లైన్ ఆటలో కోటను కాపాడుతోంది. ఐదుగురి జట్టులో ఆమెది డాలు పట్టే పని. అయితే రూటర్ వీధి గుమ్మం దగ్గర, ఆమె గది ఇంటికి ఆ కొసన, మధ్యలో మూడు దుంగల గోడలు. క్రితం వారం సరిగ్గా దాడి సమయానికి నెట్ ఆగి, ఆమె డాలుతో సహా బిగుసుకుపోయింది. కోట పోయింది. "ఇంకోసారి ఇలా అయితే వేరేవాళ్లని చూసుకోవాలి బోర్‌గిల్ గారూ," అన్నాడు జట్టు నాయకుడు ఐనార్. ట్రోమ్సో పట్టణంలో పళ్ల డాక్టరే అయినా, నొప్పి తెలియకుండా చెప్పడం అతనికి రాదు.

"గోడలకి కన్నాలు పెట్టి కేబుల్ లాగేస్తాను. గంట పని," అన్నాడు భర్త టోర్లైఫ్, కాఫీ కప్పు దించుతూ. అతను పడవలు కట్టిన వడ్రంగి.

"ఫైనల్ రోజునే కావాలా?"

"నేను కట్టిన పడవ ఒక్కటైనా మునిగిందా?"

"ఇది పడవ కాదు. అదే నా భయం."

మొదటి గోడ బుద్ధిగా కన్నం ఇచ్చింది. రెండో గోడకు అవతల వంటసామాన్ల గది. డ్రిల్లు సూటిగా వెళ్లి ఎర్రటి లింగన్‌బెర్రీ పళ్ల జామ్ సీసాను పగలగొట్టింది. చూడబోయిన టోర్లైఫ్ చొక్కా నిండా జామే. పంతం పెరిగి మూడో గోడ మీద పడ్డాడు. ఈసారి కరెంటు తీగ తగిలింది. టప్‌మని చివరి గది చీకటైపోయింది.

పదకొండుకు పది నిమిషాలు. బోర్‌గిల్ ల్యాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని, గుమ్మం దగ్గర బూట్ల బల్ల మీద, రూటర్ పక్కనే కూలబడింది. ఆమె అలా బూట్ల మధ్య కూర్చోవడమే టోర్లైఫ్‌కు పెద్ద దెబ్బ. బయటికెళ్లి మెట్ల మీద తల వేలాడేసుకుని కూర్చున్నాడు.

అప్పుడే పక్కింటి హేర్దిస్ వాఫిల్స్ పళ్లెంతో వచ్చింది. లోపలినుంచి బోర్‌గిల్ కేకలు: "రక్తం ఆగట్లేదు! నా వెనక్కి రా! నువ్వు పోతే నేనొక్కదాన్నే ఏం చెయ్యను!" మెట్ల మీద గుండెల దగ్గర ఎర్రగా తడిసిన టోర్లైఫ్.

హేర్దిస్ పళ్లెం పారేసి అంబులెన్స్‌కు ఫోన్ చేసింది.

"టోర్లైఫ్, మాట్లాడకు! పడుకో!"

"ఎందుకు?"

"మాట్లాడకన్నానా!" అంటూ అతని ఛాతీ మీద గుడ్డ అదిమి కూర్చుంది.

పది నిమిషాల్లో అంబులెన్స్ వచ్చింది. నర్సు సిల్యె గుడ్డ తీసి, వాసన చూసి, "ఇది జామ్," అంది.

"మరి లోపల ఆ కేకలు?"

సిల్యె లోపలికి వెళ్లి బోర్‌గిల్ మొహం చూసి, వెంటనే ఆమె చేతికి బీపీ పట్టా చుట్టింది. "నూట తొంభై! చెయ్యి కదపకండి."

"కదపకపోతే కోట పోతుందే తల్లీ! టోర్లైఫ్! ఇటు రా. ఈ మీట నొక్కి పట్టుకో. నేను చెప్పేదాకా వదలకు."

"నొక్కితే ఏమవుతుంది?"

"నీకెందుకయ్యా! నొక్కు!"

టోర్లైఫ్ మోకాళ్ల మీద కూర్చుని, జిగురు ఆరేదాకా చెక్కపలకను పట్టుకున్నట్టు ఆ మీటను పట్టుకున్నాడు. తెరమీద శత్రువులు ముందుకొచ్చి వెక్కిరించారు, గంతులేశారు. అతను పట్టించుకోలేదు. డాలు చాటున మిగతా నలుగురూ తాపీగా బాణాలు వేశారు. నాలుగు నిమిషాలకు గెలుపు బూర మోగింది. ఎందుకో తెలియకుండానే హేర్దిస్ ఏడ్చేసింది.

"అద్భుతం బోర్‌గిల్ గారూ!" స్పీకర్‌లో ఐనార్ గొంతు. "ఎప్పుడూ మధ్యలో డాలు దించేసి శత్రువుల మీద పడేవారు. ఇవాళ కొండలా నిలబడ్డారే!"

బోర్‌గిల్‌కు ఆ మాట చురుక్కుమంది. భర్త వైపు చూసింది.

"ఇక వదలొచ్చా?" అన్నాడు టోర్లైఫ్, వేలు తియ్యకుండా.

ఆమెకు నవ్వొచ్చింది. "అది నేను కాదు ఐనార్. మా ఆయన."

ఐనార్ మొహమాటపడలేదు. "మా విలుకాడు వచ్చేవారం నుంచి చేపల పడవ మీదికి పనికి వెళ్తున్నాడు. మీరు ఆ చోటుకి రండి. ఆయన్ని మాత్రం అక్కణ్ణుంచి కదపకండి."

ఇప్పుడు ప్రతి శనివారం బోర్‌గిల్ బాణాలు వేస్తుంది, టోర్లైఫ్ డాలు పట్టుకుంటాడు. ఆట పేరు మాత్రం ఇంతవరకూ అడగలేదు.