గిన్నెలో తిన్నది నమోదు కాదు

ఇకమీదట ఈ దేశంలో ఎవరైనా అన్నం తిన్నారని చెప్పాలంటే తగిన ఆధారం ఉండాలి. కడుపు నిండడం ఆధారం కాదు. త్రేన్పు అసలే కాదు. పళ్లెం ఫోటో, తిన్న సమయం, గ్రాముల్లో పరిమాణం, ఈ మూడూ ఫోన్‌లో నమోదైతేనే మనిషి భోంచేసినట్టు. ముప్పై మూడేళ్లు గణాంకాల శాఖలో పనిచేసి రిటైరైన నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. (పంట పండిందో లేదో మేమూ ఇలాగే తేల్చేవాళ్లం. పొలానికి వెళ్లిన జ్ఞాపకం లేదు.)

మలక్‌పేటలో మా అపార్ట్‌మెంటుకు పాలు పోసే ఎల్లమ్మకు ఈ పద్ధతి వర్తించింది. దబీర్‌పురా స్టేషన్ వెనక వాళ్లకు బర్రెల కొట్టం ఉంది. భర్త బీరయ్య, కొడుకు మున్నా పాలు పితుకుతారు. ఇల్లిల్లూ తిరిగి పోసేది మాత్రం ఎల్లమ్మే. మాది లిఫ్టు లేని మూడంతస్తుల బిల్డింగు. రెండేళ్లుగా ఆమె మోకాళ్లు అరిగిపోయి, ఆరింటికి రావాల్సిన పాలు ఏడున్నరకు వస్తున్నాయి. ఇప్పటికే ఇద్దరు ప్యాకెట్లకు మారారు. మిగతావాళ్లూ మారితే తన ఇరవయ్యేళ్ల పాల వాడిక పోయినట్టేనని ఆమె భయం. మోకాళ్లకు ఆపరేషన్ చేస్తామని ఒక ఆసుపత్రి ఒప్పుకుంది, రెండు షరతుల మీద. తొమ్మిది కిలోలు తగ్గాలి. తొంభై రోజులు తిన్నదంతా ‘మితభోజని’ అనే యాప్‌లో చూపించాలి. (మొదటిది వైద్యం, రెండోది పరిపాలన.)

"సారు, మీకు గీ ఫోన్ల సంగతులు ఎర్కే గద. జర చూసి పెట్టుండ్రి" అని అడిగింది ఎల్లమ్మ. వెంటనే ఒప్పుకున్నాను. రిటైరయ్యాక నింపడానికి నాకు ఒక్క ఫారమూ దొరకక చాలా ఇబ్బందిగా ఉంది.

మొదటివారం ఆమె రోజుకు ఏడువేల మూడువందల క్యాలరీలు తిన్నట్టు తేలింది. ‘ఒక ఖాతాకు ఒక నోరు మాత్రమే అనుమతి’ అని యాప్ హెచ్చరిక పంపింది. ఏం జరిగిందని విచారించాను.

"మధ్యాహ్నం ఏం తిన్నరని అడిగింది గద సారు. ఇంట్ల తిన్నయన్నీ ఫోటో కొట్టిన. మా ఆయినది, మున్నాది, కోడలిది, సోనీది. ఎవ్వలియి ఇడిశిపెట్టలే."

"నువ్వు తిన్నది మాత్రమే తియ్యాలి ఎల్లమ్మా."

"నేను తిన్నదా?" అంది. ఈ ప్రశ్న ఆమెను అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేరు.

రెండోవారం ఆమె ఏమీ తినలేదు. ఒక్క ఫోటో కూడా లేదు. యాప్ ఆమెకు ‘నిరాహార రత్న’ బిరుదిచ్చి తెర మీద పూలు చల్లింది. తర్వాత తూకం వేస్తే మూడువందల గ్రాములు పెరిగింది. ఆసుపత్రిలో పోషకాహార సమన్వయ అధికారిణి ఉదయశ్రీ గారు నాకు ఫోన్ చేశారు. "సార్, మా రికార్డు ప్రకారం పేషెంటు వారం రోజులుగా ఏమీ తినలేదు. చాలా మంచి క్రమశిక్షణ. అయినా బరువు పెరిగారు. గాలి గట్రా ఎక్కువ పీలుస్తున్నారేమో కాస్త కనుక్కుంటారా?"

తనిఖీ కోసం ఒక మధ్యాహ్నం దబీర్‌పురా వెళ్లాను. చిన్న తూకం మిషను జేబులో పెట్టుకున్నాను. బీరయ్య తిన్నాడు. మున్నా తిన్నాడు. కోడలు స్రవంతి, మనవరాలు సోనీ తిన్నారు. అందరూ లేచాక ఎల్లమ్మ పొయ్యి పక్కన పీట మీద కూర్చుని, కూర వండిన గిన్నెను ఒళ్లోకి లాక్కుంది. కుండలో ఉన్న అన్నమంతా అందులో వేసి, అంచులకు అంటిన కూర ఊడొచ్చేలా చుట్టూ తిప్పి కలుపుకుంది. సోనీ సగం కొరికి వదిలిన గుడ్డు, మున్నా తుంచి వదిలేసిన రొట్టె అందులోకే చేరాయి. పాలగిన్నె అడుగున గోకిన మీగడ చివర్లో వచ్చింది.

"రోజూ ఎంత తింటావు?" అన్నాను.

"ఎంత మిగిల్తే గంత. పారేయబుద్ధి గాదు సారు. ఒక్కోసారి ఏం మిగల్ది, గప్పుడు చాయ్ తాగి పండుకుంట."

నాకు సిగ్గేసింది. మిషను జేబులోంచి తీయలేదు.

అయినా డ్యూటీ డ్యూటీయే కనక గిన్నె ఫోటో పంపాను. ‘ఇది వంట సామాను. భోజనం కనబడలేదు’ అని యాప్ తిప్పి పంపింది. మళ్లీ పంపితే గిన్నె కొలత పట్టుకుని ‘సాంబారు, ఇరవై రెండు మందికి’ అని ఆమె ఖాతాలో వేసింది. ‘గిన్నె భోజనం’ పేరిట కొత్త గడి కల్పించాలని నాలుగు పేజీల అర్జీ రాశాను. ఆసుపత్రి వారి అవశేషాహార నిర్ధారణ ఉపసంఘం పదకొండు రోజులు కూర్చుని జవాబిచ్చింది. ‘మిగిలిన ఆహారమనగా ఎవరూ తినని ఆహారము. ఎవరూ తినని ఆహారమును ఒకరు తిన్నట్లు నమోదు చేయుట సాధ్యపడదు.’ ఇంత పటిష్టమైన వాక్యం సర్వీసులో ఉండగా నేనెప్పుడూ రాయలేకపోయాను.

అయితే ఆసుపత్రి దయగలది. మూడు గదులున్న స్టీలు పళ్లెం ఒకటి పంపింది. ఒక గదిలో కూరగాయలు, ఒక దాంట్లో పప్పు, చిన్నదాంట్లో అన్నం. పళ్లెం నింపాలి, ఫోటో తీయాలి, మారు వడ్డించకూడదు. లెక్క మళ్లీ మొదటిరోజు నుంచి మొదలుపెట్టారు.

ఆ తొంభై రోజులూ స్వర్ణయుగం. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు తప్పకుండా పళ్లెం ఫోటో వచ్చేది. పాలకూర పప్పు, బీరకాయ కూర, గుప్పెడన్నం, పక్కన నాలుగు దోసకాయ ముక్కలు. ఉదయశ్రీ గారు ఆ ఫోటోలు మిగతా పేషెంట్లకు చూపించి బుద్ధి చెప్పేవారట. నేనైతే వాటిని తేదీలవారీగా ప్రింటు తీయించి ఫైలు కట్టాను.

తొంభయ్యో రోజు తూకం వేస్తే ఎల్లమ్మ నాలుగు కిలోలు పెరిగింది.

ఫైలు పట్టుకుని దబీర్‌పురా వెళ్లాను. గుమ్మంలో బీరయ్య ఒక చేత్తో లుంగీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏం సారు, గా పళ్లెం వచ్చిన కాడికెల్లి లుంగీ నడుముకు నిలుస్తలేదు" అన్నాడు. మనిషి సగమయ్యాడు.

"ఎల్లమ్మా, ఫోటో తీశాక పళ్లెం ఏం చేసేదానివి?"

"మా ఆయినకు పెట్టిన."

"నీకని పంపించారు కదా!"

"పళ్లెంల పెట్టినంక మొగోనికి పెట్టకుంట నేనెట్ల ముందుగాల కూసుంట సారు? మూడు గదులు మస్తున్నయని ఆయిన గూడ ఇంకోదాంట్ల తిననన్నడు. మల్ల ఏసుడు లేదని ఆస్పత్రోల్లు చెప్పిరి. ఏయలే."

"మరి నువ్వు?"

"నేను ఎప్పటిలెక్కనే."

బీరయ్య తినేది తగ్గింది. తగ్గినంత మేర గిన్నెలో మిగిలింది. మిగిలింది ఎవరు తింటారో ఒక్క ఉపసంఘానికి తప్ప ఇంటిల్లిపాదికీ తెలుసు. బీరయ్యను తూకం వేయించాను. స్టేషన్‌లో తీసుకున్న పాత తూకం చీటీతో పోలిస్తే సరిగ్గా తొమ్మిది కిలోలు తగ్గాడు. అంటే షరతు నెరవేరింది. కాకపోతే వేరే మనిషిలో నెరవేరింది.

జరిగిందంతా నిజాయితీగా రాసి ఉపసంఘానికి పంపాను. (నా జీవితంలో నిజాయితీగా రాసిన మొదటి నివేదిక అదే. చివరిది కూడా అదే అయ్యేట్టుంది.) బీరయ్య ఆపరేషన్‌కు అర్హుడేనని, కాకపోతే ఆయన మోకాళ్లు బాగున్నందున చేయలేమని వాళ్లు విచారం తెలిపారు. ఎల్లమ్మ తను తినని భోజనాన్ని తిన్నట్టు చూపినందువల్ల తొంభై రోజుల నమోదు రద్దయింది. తప్పుడు నమోదు కనక ఆరు నెలలు ఆగి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. చదివి నాకు ఒళ్లు మండిపోయింది. పళ్లెం నింపి ఫోటో తీయమన్నారు, తీసింది; తప్పు రాసింది ఒక్క ముద్ద కూడా లేదు. అసలు ఆమె తిన్న ముద్దకు అందులో చోటే లేదు.

మర్నాడు పాలు ఎనిమిదింటికి వచ్చాయి. మొదటి అంతస్తు మెట్ల మీద క్యాను పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది ఎల్లమ్మ. ఉత్తరం చదివి వినిపించాను.

"ఇంకో ఆరు నెలలా?" అని తల పైకెత్తి మెట్ల వైపు చూసింది. "అందాక ఇయ్యెట్ల ఎక్కాలె సారు?"

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె గోడ పట్టుకుని లేచి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టుకుంటూ పైకి వెళ్లింది.

ఆదివారం మా ఇంట్లో అపార్ట్‌మెంట్ సంఘం అత్యవసర సమావేశం జరిగింది. కార్యదర్శి ప్రకాశం గారు మాట్లాడారు. పాలు ఎనిమిదింటికి వస్తే ఆఫీసులకు, స్కూళ్లకు ఎలాగని అడిగారు. ఎల్లమ్మ ఆరోగ్యం దృష్ట్యా ఆమెకు ఈ శ్రమ తప్పించాలన్నారు. ఒకటో తేదీ నుంచి అందరం ప్యాకెట్లకు మారాలని తీర్మానం. చేతులు లేచాయి. నాది కూడా లేచింది. ఏకగ్రీవమని మినిట్స్‌లో నేనే రాశాను.

అందరికీ టీలు తెచ్చిన మా ఆవిడ నాగమణి తలుపు దగ్గర ఆగి, "ఏమండీ, మీ అందరి మోకాళ్లూ బాగానే ఉన్నాయిగా. గిన్నె పట్టుకుని కిందికి దిగితే ఆవిడే పోస్తుంది కదా?" అంది.

ఆ అంశం ఎజెండాలో లేదు.