పుదీన పొర

ఆ గురువారం పొద్దున్నే సామ్యేల్‌కు ఇంట్లో పడ్డ పని రోట్లో పిప్పరమెంటు బిళ్లలు దంచడం. ఎందుకని అతను అడగలేదు. అడగకుండా చెప్పింది చేయడం పెళ్లయ్యాక అతను బాగా ఒంటబట్టించుకున్న విద్య. అయినా సుగుణమణే చెప్పింది. కాలనీ మహిళా మండలిలో వంటలు నేర్పే టీచరమ్మ పోస్టు ఖాళీ అయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రెసిడెంటు వసుంధరమ్మ ముందు ఎవరి వంట నెగ్గితే ఉద్యోగం వాళ్లదే. సత్యవతి మైసూరుపాకు తెస్తోందని వార్త.

"మైసూరుపాకు ఎవలన్న చేస్తరు," అంది సుగుణమణి. "నేను హాస్టల్ల మిస్సమ్మ నేర్పిన బ్రౌనీ చేస్త. కింద చాక్లెట్ కేకు, నడుమ పచ్చగ పుదీన పొర, మీద మళ్ల చాక్లెట్. గోదావరిఖనిల దాన్ని ఒక్కలు చూసి ఉండరు."

ఎవరూ చూసి ఉండకపోవడమే తర్వాత కొంప ముంచింది.

మిస్సమ్మ దగ్గర ఓవెనూ ఐసుపెట్టే ఉండేవి. సుగుణమణి దగ్గర గని కంపెనీ ఇచ్చే బొగ్గు ఉంది, మొండి పట్టుదల ఉంది. భర్త డ్యూటీకి పోగానే పెద్ద డేగిసాలో ఇసుక పోసి, అందులో కేకు పళ్లెం దించి, మూత మీద నిప్పులు పరిచింది. సికింద్రాబాదు నుంచి తెప్పించిన కోకో ఇల్లంతా ఘుమఘుమలాడింది. కేకు పొంగకుండా దట్టంగా దిగింది. బ్రౌనీ అంటే అట్లాగే ఉండాలట. వెన్నలో చక్కెరా, పిప్పరమెంటు పొడీ, స్నానాల నీళ్లు పారే చోట ఏపుగా పెరిగిన పుదీన పసరూ కలిపి దాని మీద మందంగా పరిచింది. పైన కరిగించిన చాక్లెట్ పోసింది. నల్లగా నిగనిగలాడిపోయింది.

ఇక అది గడ్డకట్టాలంటే చల్లదనం కావాలి, చీమలు రాకూడదు. మూలన పడి ఉన్న భర్త రేకు డబ్బాల్లో ఒకటి తోమి, లోపల కాగితం పరిచి, బ్రౌనీని పలకకు పలకే అందులో పెట్టి, మూత బిగించి మంచినీళ్ల కుండల కింది తడి ఇసుకలో కూర్చోబెట్టింది. తన తెలివికి తనే మురిసిపోయింది.

ఆ డబ్బాలు సామ్యేల్ డ్యూటీవి. సర్వే ఆఫీసులో శాంపిళ్లు మోయడం అతని పని. గనిలో కోసిన బొగ్గు పెళ్లను చెదరకుండా డబ్బాలో పెట్టి సైకిల్ మీద ఆఫీసుకు చేర్చాలి. ఆ రోజే గనిలో కొత్త పొర తగిలింది. కింద బొగ్గు, నడుమ సన్నగా మట్టి, మీద మళ్లీ బొగ్గు. దాన్ని డబ్బాలో పెట్టుకుని, దారిలోనే కదా అని సామ్యేల్ భోజనానికి ఇంటికొచ్చాడు.

"ఎండ తగిలితే పలుగుతది. జర సల్లటి జాగల పెట్టు," అని డబ్బా భార్య చేతికిచ్చాడు.

ఆ ఇంట్లో చల్లటి జాగా ఒక్కటే. సుగుణమణి దాన్ని కుండల వెనక్కి తోసి స్నానానికి పోయింది. సామ్యేల్ అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ముందున్న డబ్బా తీసుకుని సైకిలెక్కాడు. ఆమె తయారై వచ్చేసరికి ఒక్క డబ్బా కనిపించింది. ఆయనది ఆయన పట్టుకుపోయాడనుకుని అది చంకన పెట్టుకుని మహిళా మండలికి నడిచింది.

ఆఫీసులో సర్వే ఆఫీసరు శేషగిరి ఆ శాంపిలు కోసమే కాచుకుని ఉన్నాడు. గురువారం ఆయనకు ఉపవాసం. పొద్దుటినుంచి మంచినీళ్లు తప్ప ముట్టలేదు కాబట్టి ముక్కు మహా చురుగ్గా ఉంది. మూత తీశాడు. నలుపు, పచ్చ, నలుపు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇంత పచ్చటి మట్టి పొర నేను పుస్తకాల్లో కూడా చూడలేదయ్యా. ఇదేమిటీ వాసన?"

గనిలో కూలీల మీద అజమాయిషీ చేసి తల నెరిసిన సర్దార్ గట్టయ్య వంగి వాసన చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇది బొగ్గు వాసన గాదు సార్. సల్లగ ముక్కులకెల్లి నెత్తికెక్కుతున్నది. ఏం గ్యాసో ఏమో, మనుషులను పైకి పిలిపించుండ్రి."

ఆ వాసన తన అరచేతుల్లో కూడా ఉందని సామ్యేల్‌కు అప్పుడే తట్టింది. ఇది మా ఇంటామె కేకు సార్ అని చెప్పడానికి నోరు తెరిచేలోగా ఆఫీసరు ఫోనెత్తాడు. కొత్త పొర దగ్గర పని ఆగింది. దిగినవాళ్లు ఎక్కుతున్నారు. మేనేజరు ఏమైందని అడుగుతున్నాడు. గ్యాసని కాలనీ దాకా పాకి ఆడవాళ్లు గని మొగం దగ్గరికి ఉరుకుతున్నారని కబురు. ముందే చెబితే నవ్వి ఊరుకునేవారు. ఇప్పుడు చెబితే చార్జిషీటు. సామ్యేల్ నోరు మూసుకున్నాడు.

మట్టి పొరలో ఇసుక ఉందో లేదో తేల్చడానికి సర్వే వాళ్లకో అలవాటుంది. చిటికెడు పంటి కింద పెట్టి నలిపి చూస్తారు. ఇసుక అయితే కరకరమంటుంది, బంకమట్టి అయితే జారుతుంది. శేషగిరి గోటితో పచ్చ పొర కాస్త గీకి నోట్లో వేసుకున్నాడు. ఆయన మొహం మారిపోయింది.

కొంచెం కరకర ఉందని మళ్లీ గీకాడు. కరిగిపోతోంది కూడా అని ఈసారి నల్ల పొరతో కలిపి విరిచాడు. ఇంత ముఖ్యమైన విషయంలో ఇంకొకరి అభిప్రాయం కూడా ఉండాలని గట్టయ్యకు ఒక ముక్క పెట్టాడు. గట్టయ్య కళ్లు మూసుకుని నమిలి, ఇంకో ముక్క చూస్తే గాని చెప్పలేనన్నాడు. పరీక్ష అంత శ్రద్ధగా సాగింది. సామ్యేల్ ధైర్యం కూడగట్టుకునేసరికి డబ్బాలో కాగితమే మిగిలింది.

"సార్, అది మా ఇంటామె చేసిన కేకు."

ఆఫీసరు చేతిలో ముక్క మింగేసి, "మరి శాంపిలు?" అన్నాడు.

మహిళా మండలికి పోయుంటది సార్ అంటూనే సామ్యేల్ ఖాళీ డబ్బా పట్టుకుని సైకిల్ మీద పడ్డాడు.

మహిళా మండలిలో జరగాల్సింది జరిగిపోయింది. సుగుణమణి నలుగురి ముందూ ఎంతో డాబుగా మూత తీస్తే లోపల బొగ్గు పెళ్ల. వసుంధరమ్మ మర్యాదస్తురాలు. దాన్ని వేలితో తట్టి చూసి, "కొంచెం మాడినట్టుందమ్మా," అంది. సత్యవతి మైసూరుపాకు వైపు చేతులు వెళ్లాయి. పొద్దుటినుంచి పొయ్యి ముందు ఉడికిన మనిషి మూలన నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. సామ్యేల్ ఆమె దగ్గరికి ఉరికాడు. రొప్పుతూ సంగతంతా చెప్పాడు.

"అయితే కేకు ఏదయ్యా?" అంది వసుంధరమ్మ.

సామ్యేల్ ఖాళీ డబ్బా చూపించాడు. ఆఫీసులో తిన్నారన్నాడు. ఎవరు తిన్నారంటే డబ్బాకు మూత బిగించడం మొదలుపెట్టాడు. తిన్నది వసుంధరమ్మ మొగుడు శేషగిరే మరి. సుగుణమణి భర్త వైపు ఒక్క చూపు చూసింది. నిజంగా గ్యాసు వచ్చినా బాగుండేదనిపించింది అతనికి.

అంతలో బయట జీపు ఆగింది. మనుషులను మళ్లీ గనిలోకి దింపమని ఫోను చేసి, శేషగిరి పరుగున వచ్చాడు. "శాంపిలు ఎక్కడ?" అని నోరు తెరిచాడు. పళ్లన్నీ నల్లగా ఉన్నాయి. మీసం చివర పచ్చగా ఏదో వేలాడుతోంది.

వసుంధరమ్మ భర్తను ఎగాదిగా చూసింది. "ఇవాళ గురువారం. మీరు ఉపవాసం కదూ?"

"పరీక్ష కోసం నోట్లో వేసుకున్నాను."

"ఎంత వేసుకున్నారు?"

ఆయన మీసం తుడుచుకుంటూ, "గట్టయ్య కూడా వేసుకున్నాడు," అన్నాడు.

పెళ్లయిన నాటినుంచి ఎన్ని పిండివంటలు ఎదురుగా పెట్టినా ఈ మనిషి గురువారం నాడు చెదరలేదని వసుంధరమ్మ అందరికీ చెప్పింది. ఆ ఉపవాసాన్ని రుచి చూపించి చెడగొట్టిన చెయ్యి ఈ కాలనీలో ఇంకొకటి లేదంది. సోమవారం నుంచి క్లాసులకు రమ్మని సుగుణమణి భుజం తట్టింది. సుగుణమణి ఏడుపు ఆపకుండానే నవ్వేసింది. సామ్యేల్ డబ్బాను గుండెకు హత్తుకుని అక్కడే కూలబడ్డాడు. సత్యవతి కూడా మైసూరుపాకు ముక్క ఒకటి సుగుణమణి నోట్లో పెట్టింది.

శేషగిరికి మాత్రం ప్రాణం కుదుటపడలేదు. బల్ల మీద సుగుణమణి తెచ్చిన డబ్బా ఉంది, అందులో ఏమీ లేదు. అప్పుడే వంటగదిలోంచి ఆయమ్మ సమ్మవ్వ చాయ్ గ్లాసులతో వచ్చింది.

"సమ్మవ్వా, ఇక్కడి బొగ్గు పెళ్ల ఏదమ్మా?"

"పొయ్యిల ఏసిన సార్. బల్ల మీద బొగ్గెందుకని."

కొత్త పొర బొగ్గు ఎట్లాంటిదో ల్యాబుకు పోకుండానే తేలిపోయింది: చాయ్ బ్రహ్మాండంగా మరిగింది.