బూడిద కింద పొయ్యి

మలేసియాలోని బాగన్ దాతుక్‌లో సన్యాసి ఆ ఉదయం ముఖం కూడా కడుక్కోకముందే కొడుకుతో పందెం కట్టాడు. వంటింటి వెనకున్న కట్టెల పొయ్యిని మర్నాడు పగలగొట్టించి అక్కడ వాషింగ్ మెషీన్ పెట్టాలని కొడుకు రవిచంద్రన్ నిర్ణయం. మేస్త్రీ మునియాండికి కబురు కూడా వెళ్ళిపోయింది.

"ఈ రేత్రికి పొయ్యి నింపుతాను. తెల్లారి అగ్గిపుల్ల గియ్యకండా మేస్త్రీకి కాపీ కాసిత్తాను. కాసినానా, పొయ్యి ఉంటాది. నేదా, సుత్తి నానే అందిత్తాను."

"సరే నాయినా. మాట మార్చకూడదు లా," అన్నాడు కొడుకు, అక్కడి అలవాటుగా చివర 'లా' తగిలించి.

సన్యాసికి అది ఆట కాదు. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయనకు మిగిలిన పని ఒక్కటే. వేకువన లేచి, పొయ్యి ఊది, అందరికీ కాఫీ కాయడం. అది కూడా పోతే పొద్దున్నే లేవడం దేనికో ఆయనకు తెలియదు.

సాయంత్రం, చిన్నప్పుడు కొబ్బరి ఎస్టేట్‌లో తల్లి చేసినట్టే పొయ్యి నింపాడు. నిప్పుల మీద కొబ్బరి చిప్పలు ఒకదానిలో ఒకటి దూర్చి బోర్లించాడు. పైన బూడిద దట్టంగా కప్పాడు. గాలి ఆడక నిప్పు నిద్రపోతుంది, చావదు. చూసేవాళ్ళకి మాత్రం చచ్చినట్టే ఉంటుంది. ఆ సంగతి ఇంట్లో ఇంకెవరికీ తెలియదన్నది ఆయనకు తట్టలేదు. స్నానానికి వెళ్ళాడు.

ముందు కోడలు శర్మిళ వచ్చింది. గ్యాస్ తప్ప ఎరగని టౌను పిల్ల. బూడిద చూసి నిప్పు ఆరిపోయిందనుకుంది. పాపం మామ ఓడిపోతాడని బూడిద కొంచెం పక్కకి తోసి, కొబ్బరి పీచు కుక్కి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయింది. తర్వాత మనవరాలు తనూష వచ్చింది. తాత కోసం పాత పేపర్లు దూర్చి, వాటి మీద దీపం నూనె ఒంపింది. ఆ తర్వాత ఇంకెవరో వచ్చి, చిప్పల మీద పచ్చి రంబుటాన్ చెట్టు మొద్దొకటి అడ్డంగా పడేసి పోయారు.

కాసేపటికి వీధంతా పొగ. పక్కింటి కరుప్పయ్య ఇల్లు తగలబడుతోందనుకుని బొంబాకి ఫోన్ చేశాడు. అగ్నిమాపకం వాళ్ళు బూట్లు కూడా విప్పకుండా హాల్లోంచి గొట్టం లాక్కుపోయారు. సన్యాసి తువ్వాలుతో పరుగెత్తుకొచ్చేసరికి పొయ్యి, వంటిల్లు, కొత్త గ్యాస్ స్టవ్ అన్నీ ఒకేలా తడిసిపోయాయి.

"ఏటి సేసినారే? నిప్పు పడుకుంది గదా. సచ్చిపోనేదు."

"మన్నిచ్చిడుంగ మామా, క్షమించండి. పోయిందనుకుని పీచు పెట్టినాను," అంది శర్మిళ తల వంచుకుని.

"నూనె నాది తాతా," అంది తనూష.

"మరి ఈ మొద్దెవులు ఎట్టినారు?"

నీళ్ళు ఎత్తిపోయాలంటూ రవిచంద్రన్ బకెట్ వెతుక్కుంటూ బయటికి వెళ్ళాడు.

తెల్లారి మునియాండి వచ్చాడు. సన్యాసి అన్నమాట ప్రకారం సుత్తి తనే అందించాడు. "మాట మాటే. కొట్టెయ్."

మేస్త్రీ ముందు ఆ మొద్దు ఎత్తాడు. కింద చిప్పలు పొడిగా ఉన్నాయి. వాటి నడుమ ఎర్రగా నిప్పు. బొంబా నీళ్ళకి మొద్దు గొడుగు పట్టింది.

సన్యాసి తల అడ్డంగా ఊపాడు. "ఇది నా గొప్ప కాదు. మొద్దు నాను ఎట్టనేదు. నెగ్గినట్టు కాదు."

"నానే ఎట్టినాను నాయినా," అన్నాడు వెనకనుంచి రవిచంద్రన్.

"పందెం కట్టినోడివి నువ్వే గదరా."

"నువ్వోడిపోతే సూడనేనని ఎట్టినాను లా."

మునియాండి సుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "కొట్టాలా, కూచోవాలా? ఏదో ఒకటి చెప్పండన్నా."

"కూసో," అన్నారు తండ్రీ కొడుకులు.

సన్యాసి వంగి ఊదాడు. కొడుకు గిన్నె పెట్టాడు. కాఫీ పొగ కంపు కొట్టింది. అయినా అందరూ గ్లాసులు ఖాళీ చేశారు.