డిసెంబరు దాకా డ్యాము క్షేమం

మొన్న మా ఇంట్లో దిండు గలీబు మీద గొడవైంది. ఉతికి ఆరేసిన తెల్ల గలీబు టీ రంగులోకి వచ్చింది. సబ్బు మార్చావా అని మా ఆయన అడిగారు. తలనూనె మార్చారా అని నేనడిగాను. అసలు కొన్నప్పుడే అది ఆ రంగు అనేశారాయన. చిన్నప్పటి నుంచీ వీడింతే, ఓడిపోతున్నప్పుడు తప్పు వస్తువు మీదకి తోసేస్తాడని మా అత్తయ్య తీర్పు చెప్పారు.

జతలో రెండో గలీబు బీరువాలో ఉంది. సాక్ష్యం కోసం తీశాను. మల్లెపువ్వులా ఉంది. దాని కింద ఒక ఫైలుంది.

మా ఆయన ఊరి మంచినీళ్ళ డ్యాముకి సూపర్‌వైజరు. డ్యామంటే మరీ పెద్దదేం కాదు. రెండు గుట్టల మధ్య ఒక మట్టికట్ట, ఒక తూము, దానికో షట్టరు. కట్ట కిందనే మా క్వార్టర్లు, పధ్నాలుగు ఇళ్ళు. నెలనెలా కట్టంతా నడిచి చూసి, ఫారం నింపి పైఆఫీసుకి పంపడం ఆయన పని. ఇప్పుడు నడుస్తున్నది ఆగస్టు. ఫైల్లో ఉన్నవి సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు. అన్నీ నింపి, సంతకం పెట్టి, స్టాంపు కూడా వేసి!

జనవరిలో కాలు బెణికి మంచమెక్కినప్పుడు ఏడాదికి సరిపడా నింపేశారట. అంతకన్నా విశేషం, డిసెంబరు ఫారం అడుగున పైఅధికారి 'స్వయంగా వచ్చి చూశాను' అని సంతకం చేసి ఉన్నారు.

పాఠకులారా, కంగారు పడకండి. నేనూ మొదట పడ్డాను. కూరగాయలు తరుగుతూ ఆలోచిస్తే తేలిందేమిటంటే, ముందే తనిఖీ అయిపోయిన డ్యామంత భద్రమైన డ్యాము లోకంలో ఇంకోటి లేదు. చూసి రాసేవాడు ఎంత రాసినా నిన్నటి సంగతే రాస్తాడు. నిన్నటి క్షేమం మనకెందుకు? కావలసింది రేపటి క్షేమం కదా! జాతకాలు చెప్పేవాళ్ళు కూడా చివర్లో 'జాగ్రత్త అవసరం' అని ఒక ముక్క తగిలిస్తారు. మా ఆయన అలాంటి పిరికితనానికి పోలేదు.

ఈ పద్ధతి అన్ని చోట్లా పెడితే ఎంత సుఖం! డాక్టరుగారు వచ్చే ఏడాది బీపీ ఈ రోజే రాసిచ్చేస్తారు. బడిలో చేర్చిన రోజే పదో తరగతి మార్కులు చేతికొస్తాయి. బస్సు బ్రేకులు మార్చి నెల దాకా బాగున్నాయని డ్రైవరు ఒక చీటీ అంటించుకుని, హాయిగా ఘాటు రోడ్డు దిగుతాడు.

మా కట్ట అడుగున ఎప్పటి నుంచో కొంచెం నీళ్ళు ఊరుతుంటాయి. కట్ట కారుతోంది కదా అంటారేమో. కారనివ్వండి. ఊళ్ళో కుళాయిలకి అరగంటే నీళ్ళు. కట్ట అడుగున ఊటకి మాత్రం ఇరవై నాలుగు గంటలూ సప్లై. పైపు లేదు, మోటారు లేదు, కోత లేదు. క్వార్టర్ల ఆడవాళ్ళం తెల్లబట్టలన్నీ అక్కడి రాతి మీదే ఉతుక్కుంటాం. ఎందుకంటే ఆ నీళ్ళు కుళాయి నీళ్ళకన్నా తేట. ఫారంలోనూ అదే ఉంది. 'ఊట: తేటగా ఉంది. మార్పు: లేదు.' డిసెంబరు దాకా తేటే.

గలీబు ఉతికింది కూడా ఆ నీళ్ళలోనే.

ఎందుకో మనసాగక, వెళ్ళి ఒక గాజుసీసా నిండా ఆ నీళ్ళు పట్టుకొచ్చి కిటికీలో పెట్టాను. సాయంత్రానికి అడుగున వేలెడు మందాన మట్టి పేరుకుంది. అంటే కట్ట లోపలి మట్టి రోజుకింత చొప్పున మా దిండ్ల మీదకి వస్తోందన్నమాట. కట్టని ఇంటింటికీ తెచ్చిస్తున్న ఊరు ఇంకెక్కడైనా ఉందా?

మా ఆయనకి సీసా చూపించాను. ఎన్నేళ్ళుగానో కారుతోంది, ఏమైంది అన్నారు. వాననీళ్ళు కలిసి ఉంటాయన్నారు. వాన పడి పదిరోజులైందన్నాను. అప్పుడు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. ఇప్పుడు మట్టి వస్తోందని రాస్తే, తేటగా ఉందని రాసినవన్నీ ఎలా రాశావని అడుగుతారు. ఉద్యోగం పోతుంది.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనానికి అందరం కూర్చున్నాం. ఆయన కంచంలో అన్నానికి బదులు ఒక కాగితం ఉంది.

'వడ్డన: జరిగింది. రుచి: తృప్తికరం. ఆకలి: లేదు. మార్పు: లేదు.' కింద నా సంతకం. దాని కింద 'స్వయంగా చూశాను' అని అత్తయ్య సంతకం.

"ఇదేంటి?" అన్నారాయన.

"పొద్దున ఖాళీగా ఉంటే నింపేశానండీ. డిసెంబరు దాకా అయిపోయాయి."

ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. అత్తయ్య తన కంచంలోంచి తలెత్తలేదు.

"నేను కూడా ఆ కట్ట కిందే పడుకుంటున్నాన్రా నాన్నా," అన్నారు. "అదొక్కటి మాత్రం ఏ ఫారంలోనూ రాసినట్టు లేదు."

ఆయన కిటికీలో సీసా వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"తినేసి వెళ్ళి షట్టరు ఎత్తుతున్నాను. చెరువులో నీళ్ళు సగానికి తగ్గేదాకా మళ్ళీ మూయను. ఊళ్ళో కుళాయిలకి రోజు విడిచి రోజు వస్తాయి, తిట్టుకుంటే తిట్టుకోనీ. మట్టి ఆగేదాకా క్వార్టర్ల వాళ్ళందరూ గుట్ట మీద బడిలో పడుకోవాలి. నువ్వెళ్ళి చెప్పు."

"పైఆఫీసు నుంచి ఆర్డరు రావద్దూ?" అన్నాను.

"వాళ్ళ లెక్కలో డిసెంబరు దాకా ఏమీ కాలేదుగా. సీసా, గలీబు పట్టుకుని రేపు నేనే వెళ్తాను."

"రెండు గలీబులూ పట్టుకెళ్ళు," అన్నారు అత్తయ్య, అన్నం గిన్నె ఆయన ముందుకి జరుపుతూ. "ఒక్కటే చూపిస్తే, కొన్నప్పుడే ఆ రంగు అంటారు."