పన్నెండు వేల వెలుతురు

అయినా వెలుతురుకు లెక్క ఎందుకుండకూడదు, అనుకున్నాడు గుమాస్తా. చీకటికి లెక్క లేదు. అందుకే అది ఎవరి అనుమతీ లేకుండా ఈ గదిలో ఇంతకాలం మకాం వేసింది.

పాత దస్త్రాల గదికి కిటికీ లేదు. ఉన్నది ఒక్క గుడ్డి ట్యూబ్‌లైటు. ప్రతి గదిలోనూ పచ్చని మొక్క ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు ఆ గదికీ ఒక కుండీ, ఎండకు బదులుగా ఒక మొక్కల దీపం మంజూరయ్యాయి. దీపం చాలినంత వెలుతురు ఇస్తోందో లేదో కొలవాలి. కొలిచే పరికరానికి నిధులు లేవు. గుమాస్తా ఫోనులో మాత్రం ఉచితంగా దొరికే యాప్ ఉంది. ఆ విధంగా ఇరవై రెండేళ్ళ సర్వీసులో మొదటిసారి అతను ఒకదానికి అధికారి అయ్యాడు.

ఫోనును ఆకుల పక్కన పెడితే మూడు వందల లక్స్ వెలుతురు చూపించింది. ఆఫీసరు ముఖం చిట్లించాడు. బల్బుకు ఆనించి పెడితే పన్నెండు వేలు దాటింది.

"చూశారా సార్! పద్ధతిగా కొలిస్తే మన దీపానికి ఏం తక్కువ?"

ఆనాటి నుంచి ఫోనుకు వెలుతురు పుష్కలంగా అందింది.

తర్వాత కరెంటు పొదుపు సర్క్యులరు వచ్చింది. వృథా అంటే ఆఫీసుకు గిట్టదు కనుక, దీపం కొలిచేటప్పుడు మాత్రమే వెయ్యాలని తీర్మానించారు. రోజుకు మూడుసార్లు, నిమిషం చొప్పున. రిజిస్టరులో అంకెలు ఏపుగా పెరిగాయి. వాటిని చూస్తే గుమాస్తాకు ఒక రహస్యమైన సంతోషం. ఇంట్లోనూ ఆఫీసులోనూ కలిపి అతని మాట విన్నవి అవొక్కటే.

మొక్క మాత్రం పాలిపోయింది. గదులు ఊడ్చి, కుండీకి నీళ్ళు పోసే ఆవిడ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"బాబూ, ఆ లైటు కాసేపు అలా ఉంచకూడదూ? పాపం, తిండిలేని పిల్లలా అయిపోయింది."

"అది కొలవడానికమ్మా, వెలగడానికి కాదు."

"మరి మొక్క సంగతో?"

"కమిటీ చూస్తుంది."

"చూడ్డానికైనా లైటుండాలి కదయ్యా!" అని నవ్వేసి వెళ్ళింది.

కమిటీ చూసింది. ముగ్గురు పెద్దమనుషులూ రిజిస్టరు మీదికి వంగారు. కుండీ వైపు తిరగలేదు. ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు.

"వెలుతురు దివ్యంగా ఉంది. అంకె అబద్ధమాడదు. కనుక లోపం నీళ్ళది. నీళ్ళ లోపం పోసిన చేతిది!"

ఆవిడను నెలాఖరుకు పనిలోంచి తీసెయ్యాలని కాగితం తయారైంది. కొలతలు సరైనవేనని కింద గుమాస్తా సంతకం చెయ్యాలి.

అతను కాగితం ముందేసుకున్నాడు. నిజం చెప్పెయ్యమని లోపల ఏదో పీకుతోంది. చెబితే ఇన్నాళ్ళ అంకెలూ, వాటి వెనక తనూ అబద్ధమవుతారు. చెప్పకపోతే పోయేది ఒక్క మనిషి పని. మనస్సాక్షి బరువు కూడా ఎక్కడ పెట్టి కొలుస్తామన్నదాన్ని బట్టే ఉంటుందని అతనికి తోచింది. ఆ ఆలోచన ఎంతో శాస్త్రీయంగా అనిపించింది కూడా.

ట్యూబ్‌లైటు మసక వెలుగులో సంతకం చెయ్యాల్సిన గీత కంటికి ఆనలేదు. అతను లేచి, మొక్కల దీపం వేసుకుని, కాగితాన్ని దాని కింద పరిచి, గీత దాటకుండా, తీరిగ్గా, అందంగా సంతకం పెట్టాడు.

వృథా కాకూడదని వెంటనే దీపం ఆర్పేశాడు.