అవగాహన అధికారి ఉద్యోగం

సామాజిక సేవలోనూ ప్రజారోగ్యంలోనూ పట్టాలు పుచ్చుకున్నవారికి అవకాశాలు కొల్లలుగా ఉన్నాయని యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. వాటిలో ఒకటి ఈ అమ్మాయికి దక్కింది. రెండు చదువులూ వెలగబెట్టినందుకు ఇంట్లో ఆమెను డబుల్ డిగ్రీ అనేవారు. తల్లి ముద్దుగా, మేనత్త దెప్పిపొడుపుగా.

ఒక సేవాసంస్థ ఆమెను అవగాహన అధికారిగా నియమించింది. గోదాముల వెనక కాలనీలో చాలా ఇళ్ళల్లో వాంతులు, విరేచనాలు. వాళ్ళకు చేతులు కడుక్కోవడం నేర్పాలి. శిక్షణ వేళకు కుళాయిలో నీళ్ళు రావు కాబట్టి, వచ్చినట్టు ఊహించుకుని కడుక్కోవాలని సంస్థ తీర్మానించింది. జనం బుద్ధిగా వరసలో నిలబడి లేని సబ్బు రుద్దుకుని, లేని నీళ్ళతో కడుక్కుని, లేని తువ్వాలుతో తుడుచుకున్నారు. ఫొటోలు దివ్యంగా వచ్చాయి.

ఈలోగా కాలనీవాళ్ళు కుట్టుమిషను పెద్దమ్మ అని పిలిచే ముసలావిడ మనవరాలు మళ్ళీ ఆస్పత్రి పాలైంది. పిల్ల కళ్ళు గుంటలు పడ్డాయి. చూసి డబుల్ డిగ్రీకి అన్నం సయించలేదు. ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఏ కుళాయి నీళ్ళు తాగుతున్నారో అడిగింది. జబ్బుపడ్డవాళ్ళందరూ కాలనీ వీధి మలుపు అవతలివాళ్ళే. ఆ మలుపులో మంచినీళ్ళ పైపు మురుగుకాలవలోంచి పోతోంది, అక్కడే అతుకు ఊడింది.

పైపు మంచినీళ్ళ శాఖది, కాలవ పారిశుధ్య శాఖది. రెండూ కలిసిన చోటు ఎవరిదీ కాదని ఇద్దరు అధికారులూ ఎంతో మర్యాదగా చెప్పారు. సంస్థ డైరెక్టరు గారైతే ఏకంగా ఉపన్యాసమే ఇచ్చారు.

"పైపు బాగుచేస్తే ఏమవుతుందమ్మా? ఈ ఒక్క కాలనీ బాగుపడుతుంది. అదే అవగాహన కల్పిస్తే తరతరాలు నిలుస్తుంది! మనం మనసుల్ని మార్చేవాళ్ళం, గొట్టాల్ని కాదు."

సిబ్బంది చప్పట్లు కొట్టారు. టీ తెచ్చినాయన కూడా ట్రే కిందపెట్టి మరీ కొట్టాడు.

డబుల్ డిగ్రీ తన జీతంతో ప్లంబరును పిలిపించింది. అతను మధ్యాహ్నం భోజనాల వేళకల్లా అతుకు బిగించి వెళ్ళాడు. నెల తిరక్కుండా కాలనీలో రోగమన్నది లేకుండా పోయింది. లబ్ధిదారులు ఆరోగ్యంగా ఉన్నందువల్ల ప్రాజెక్టు మూసివేయడమైనదని సంస్థ ఉత్తర్వు ఇచ్చి, ఆమెను ఇంటికి పంపింది.

కాలనీ కృతజ్ఞత లేనిది కాదు. సభ పెట్టి సెలైన్లు ఎక్కించిన డాక్టరు గారిని ఘనంగా సన్మానించింది. వెనక వరసలో కూర్చున్న డబుల్ డిగ్రీని కుట్టుమిషను పెద్దమ్మ గుర్తుపట్టి, ఆప్యాయంగా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఉత్తుత్తి చేతులు కడిగించే అమ్మాయివి కదూ? పాపం, ఇంకా ఏ ఉద్యోగమూ రాలేదా తల్లీ?"

ఆ రాత్రి డబుల్ డిగ్రీ ఏడ్చింది. తర్వాత ఉద్యోగానికి ఎక్కిన గుమ్మమల్లా ఒకటే అడిగింది, అనుభవం ఏమిటని. రోగం ఆగిపోయింది అంటే పెదవి విరిచింది.

ఆమె తల్లి చీమకు కూడా అపకారం తలపెట్టని మనిషి. అలాంటి ఇల్లాలు ఒక పొద్దున పేపరు పట్టుకుని పరుగున వచ్చింది.

"లేవవే! పక్క ఊళ్ళో విరేచనాలట! ఆస్పత్రి కిటకిటలాడిపోతోందట! కిందే చూడు, అవగాహన అధికారులు కావలెనని వేశారు!"

డబుల్ డిగ్రీ మనసు గంతేసింది. గంతేసినందుకు సిగ్గుతో చచ్చిపోయింది. అయినా లేచి, తల దువ్వుకుని, పట్టాలు సంచీలో సర్దుకుంది. తల్లి గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"చల్లగా వెళ్ళిరా తల్లీ. ఒక్క మాట. పర్మనెంటు చేసేదాకా మాత్రం ఏ పైపూ బాగుచేయించకు."