ఒంటికాలి మీద లేచిన కొలతలమ్మ

పదింటిలోగా ఒంటికాలి మీద ఇరవై సెకన్లు నిలబడడం సాధించాలి. ఆ పొద్దున కొలతలమ్మ పెట్టుకున్న పని అదొక్కటే. ముప్పై ఏళ్లు వీధి వీధంతటికీ కొలతలు తీసి బట్టలు కుట్టిన మనిషి, మూడు నెలలుగా ఖాళీగా కూర్చుంది. ఎముకలు గుల్లబారాయని పరీక్షలో తేలగానే కొడుకు మేడమీది కుట్టుగదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఇరవై సెకన్లు ఏ ఆధారమూ లేకుండా నిలబడితే మెట్లెక్కనిస్తానని వ్యాయామం నేర్పే ఫిజియోథెరపీ అమ్మాయి మాటిచ్చింది. ఆ అమ్మాయి చార్టులో మూడు గడులు: కాలు, సెకన్లు, ఆధారం. మూడో గడిలో ప్రతివారం ‘కుర్చీ’ అనే పడేది. ఆ మాట చూస్తే కొలతలమ్మకు ఒళ్లు మండేది.

తెల్లవారింది మొదలు ఆవిడ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. ఐదు నిమిషాలకోసారి కుర్చీ దగ్గరికొచ్చి కాలెత్తింది. ఎనిమిదిన్నరకు ఆఫీసు నుంచి కొడుకు ఫోన్ చేస్తే కోడలు పొయ్యి దగ్గర నుంచే మాట్లాడింది.

“అమ్మేం చేస్తోంది?”

“పొద్దున్నుంచీ ఒంటికాలి మీద లేస్తోందండీ. రెండు చేతులా కుర్చీ పట్టుకుంది. వదిలేస్తానంటోంది, నేనే వద్దంటున్నా.”

అంతలో పాలు పొంగాయి. కోడలు ఫోన్ పెట్టేసింది.

కొడుక్కి ముచ్చెమటలు పోశాయి. అక్కకు ఫోన్ చేశాడు. అక్క నోట్లో ఆ కుర్చీ గాల్లోకి లేచింది. అక్కడి నుంచి మేనమామ చెవిన పడేసరికి కోడలి తలకు కట్టు కూడా పడింది.

పదింటికి ఫిజియోథెరపీ అమ్మాయి గడియారం చేతిలో పట్టుకుని పక్కనే నిలబడింది. కొలతలమ్మ కుడికాలెత్తి, కుర్చీ వదిలింది. లెక్క నాలుగు దగ్గర ఉండగా తలుపు తోసుకుని కొడుకు, కూతురు, ఆవిడ తమ్ముడు ముగ్గురూ వచ్చిపడ్డారు. తమ్ముడు ఒక్క ఉదుటున కుర్చీ లాక్కుని వరండాలో పెట్టొచ్చాడు. కూతురు కోడలి తల తడిమి, ఎక్కడా బొప్పి లేదేమని కాస్త నిరుత్సాహపడింది.

“అమ్మా, కోపముంటే నామీద చూపించు. ఆమేం చేసింది?” అన్నాడు కొడుకు.

సంగతి అర్థమయ్యేసరికి కొలతలమ్మకు నిజంగానే తిక్క రేగింది.

“ఇందాకటిదాకా కోపం లేదురా. ఇప్పుడొచ్చింది.”

మూడు నెలల్లో ఒక్కసారీ గడప తొక్కని తమ్ముడికి ముందు అంటించింది. ఫోన్లో జాగ్రత్తలు చెప్పడమే తప్ప చూడ్డానికి రాని కూతుర్ని తర్వాత పట్టుకుంది. చివరికి, గుల్లబారింది ఎముకలా, మీ బుర్రలా అంటూ కొడుకు మీదికి రెండు చేతులూ ఊపింది. ఫిజియోథెరపీ అమ్మాయి ఎందుకైనా మంచిదని ఆవిడ నడుము వెనక చెయ్యి అడ్డం పెట్టి, గడియారం చూస్తూనే ఉంది.

“తాళంచెవి ఇటివ్వరా,” అంది కొలతలమ్మ.

కొడుకు జేబులోంచి తీసి ఇచ్చాడు. అప్పుడు గాని ఆవిడ కుడికాలు నేల మీదికి దిగలేదు. యాభై రెండు సెకన్లని అమ్మాయి చెప్పింది. కొలతలమ్మ తాళంచెవి గుప్పిట్లో బిగించి, కళ్లు తుడుచుకుంది.

ఫిజియోథెరపీ అమ్మాయి చార్టు తీసి, ఆధారం అన్న గడిలో అలవాటుగా ‘కుర్చీ’ అని రాసి, కొట్టేసి, ‘కోపం’ అని రాసుకుంది.